మెట్ల మలుపు గోడ

ఆ ఇంటికి నేను టేపు, కెమెరా, ఫైలు పట్టుకుని వెళ్ళేసరికి బైండరుగారు దుకాణం వదిలేసి మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటారు. వేళ్ళకి జిగురు ఎండి తెల్లగా పొరలు కట్టి ఉంది.

"రండమ్మా. ఏడో మెట్టు కాస్త ఎత్తు, చూసుకోండి. కొత్తవాళ్ళు అక్కడే తూలతారు" అన్నారు.

చెప్పినా తూలాను.

మా ఆఫీసుని పాత కట్టడాల కమిటీ అంటారు. నగరంలో వందేళ్ళు దాటిన ఇళ్ళు కొన్ని మా జాబితాలో ఉన్నాయి. అలాంటి ఇంట్లో కాపురం ఉండేవాళ్ళు కిటికీ మార్చాలన్నా, గోడకి కన్నం పెట్టాలన్నా మాకు దరఖాస్తు పెట్టుకోవాలి. నేను వెళ్ళి చూసి, కొలిచి, రిపోర్టు రాస్తాను. కమిటీ కూర్చుని అవునో కాదో తేలుస్తుంది. ఎనిమిదేళ్ళుగా అదే నా ఉద్యోగం. మా నాన్న సున్నం మేస్త్రి. ఆయన తండ్రీ అంతే. మా ఇంట్లో కుర్చీలో కూర్చుని చేసే పని దొరికింది నాకే.

బైండరుగారిది రెండంతస్తుల ఇల్లు. కింద పుస్తకాల బైండింగు దుకాణం, పైన కాపురం. ఇరవై ఆరేళ్ళ కిందట ఎవరి దగ్గరో కొనుక్కున్నారట. దరఖాస్తులో ఆయన కోరింది ఒక లిఫ్టు. వెనక పెరట్లోంచి పైకి వచ్చే చిన్న లిఫ్టు, ఒక కుర్చీ, ఒక మనిషి పట్టేంత. ఇంటి ముందు వైపు వీధి. అటు ముట్టుకోవడానికి వీల్లేదు. రెండు పక్కలా పొరుగువాళ్ళ గోడలు. మెట్ల వెంట పాకే కుర్చీ ఏదో ఉంటుందని ఎవరో చెబితే కంపెనీ మనిషిని పిలిపించారు. అతను మలుపు దగ్గర టేపు పెట్టి చూసి, ఇక్కడ పిల్లి తిరగడానికే చోటు లేదని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడట. ఇక మిగిలింది పెరటి వైపు గోడ ఒక్కటే. పై మలుపులో ఆ గోడకి తలుపంత కన్నం పడితే లిఫ్టు వస్తుంది. లేకపోతే లేదు.

ఆ గోడ మీదే గార తీగ ఉంది.

నాకు ఆ గోడ తెలుసు. అయిదేళ్ళ కిందట జాబితా తిరగరాసినప్పుడు ఆ వీధి నా వంతుకే వచ్చింది. బారెడు వెడల్పున, సున్నపు గారతో చేసిన తీగ. మధ్యలో పూలగిన్నె, అటూ ఇటూ మూడేసి చుట్లు, నలభై రెండు ఆకులు. అన్నీ ముందుకు తిరిగి ఉంటాయి. కుడివైపు రెండో చుట్టులో ఒక్క ఆకు మాత్రం వెనక్కి తిరిగి, ఈనెలు పైకి తేలి కనిపిస్తుంది. ఆ ఆకు చూసి అప్పట్లో ఎంత సంబరపడ్డానో! అచ్చు పెట్టి పోసిన పనైతే అన్నీ ఒక్కలా ఉంటాయి, ఇది చేత్తో చేసింది, ఇల్లు కట్టిన నాటిదే అని రాశాను. నా రాత మీదే ఆ గోడకి మొదటి తరగతి ఇచ్చారు. మొదటి తరగతి అంటే ముట్టుకోకూడదు.

"మా ఆవిణ్ణి కూడా ఒకసారి చూడండమ్మా. దరఖాస్తులో ఆవిడ సంగతి రెండు ముక్కలే రాశాను. రాయడం నాకు చేతకాదు" అన్నారు బైండరుగారు.

ఆవిడ కిటికీ పక్కన కుర్చీలో ఉంది. పధ్నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి ఎడమ కాలు, ఎడమ చెయ్యి పడిపోయాయి. మాట మాత్రం పోలేదు. పోయి ఉంటే ఈయన ఎప్పుడో ఆనందంతో పోయేవారని ఆవిడే అంది.

"చెప్పు తల్లీ, నీకేం రాసుకోవాలో అడుగు. వయసు తప్ప అన్నీ చెబుతాను."

"కిందికి దిగి ఎన్నాళ్ళయిందండీ?"

"ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు దించారు. ఇద్దరు కూలీలు. కుర్చీకి తాడేసి కట్టారు. ఆ మలుపులో కుర్చీ ఒరిగిపోయి నా తల గోడకి ఆనింది. ఒకడు 'సామాను జాగ్రత్తరా' అని అరిచాడు. సామాను ఎవరనుకున్నావు? నేనే. తిరిగి ఎక్కించేటప్పుడూ అదే వరస. అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. బీరువాని దించినట్టు నన్ను ఇంకెవరూ దించకూడదు."

"ఎత్తుకుని దించుతానంటే వినదు" అన్నారు బైండరుగారు మెల్లిగా.

"మీరా? నన్నా? ముందు మిమ్మల్ని ఎవరైనా ఎత్తాలి." నవ్వింది. తర్వాత నావైపు తిరిగింది. "పాతికేళ్ళు ఆ కింది బల్ల దగ్గర కూర్చుని పుస్తకాల ఫారాలు కుట్టాను తల్లీ. ఆయన అట్టలు వేస్తారు. వచ్చినవాళ్ళతో మాట్లాడడం నా వంతు. ఈయన పలకరిస్తే గిరాకీ పారిపోతుంది. ఒక చెయ్యి పడిపోతే కుట్టలేను, నిజమే. మాట్లాడడానికి రెండు చేతులు అక్కర్లేదుగా? పొద్దున దిగాలి, సాయంత్రం ఎక్కాలి. అంతే. ఇక్కడుంటే కింద మాటలన్నీ వినిపిస్తాయి. జవాబు చెప్పే యోగం లేదు. ఈయన తప్పు ధర చెబుతుంటే ఇక్కణ్ణుంచి అరుస్తాను, వినపడదు."

నేను రాసుకున్నాను. గోడ మొదటి తరగతిలో ఉందని చెప్పక తప్పలేదు.

"ఆ తీగా?" అంది. "కొన్నప్పటినుంచీ దానికి దుమ్ము దులిపింది నేనే. మొదటి తరగతని తెలిస్తే ఇంకా మర్యాదగా దులిపేదాన్ని."

రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాస్తానని చెప్పి వచ్చేశాను. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఆ లిఫ్టు రాదని దారంతా తెలుస్తూనే ఉంది.

నాన్న పని మానేసి మూడేళ్ళయింది. చేతులు వణుకుతాయి. గ్లాసు పట్టుకుంటే నీళ్ళు తొణుకుతాయని సగానికే పోస్తుంది అమ్మ. నేను ఇంటికి రాగానే, "ఇవాళ ఏ గోడ చూశావు తల్లీ?" అని అడగడం ఆయనకి అలవాటు. నేను ఏదో ఒకటి చెప్పి స్నానానికి వెళ్ళిపోతాను. ఆ రోజు మనసు బాగోక కూర్చుని అంతా చెప్పాను. ఫోనులో ఫొటో చూపించాను.

నాన్న ఫోను బల్ల మీద పెట్టి, వణికే రెండు వేళ్ళతో బొమ్మని పెద్దది చెయ్యబోయారు. అది ఎటో జారిపోతోంది. నేను చేసి ఇచ్చాను. చాలాసేపు చూశారు.

"ఇది మాదే" అన్నారు.

"ఏది?"

"ఈ తీగ. నీకు రెండేళ్ళప్పుడు. పెద్దమేస్త్రీ నేనూ కలిసి చేశాం. వానకి అసలుది సగం ఊడి కింద పడింది. అప్పటి యజమాని ముక్కలు గంపలో పోసి ఉంచాడు. అవి నేల మీద పేర్చుకుని, చూసుకుంటూ మళ్ళీ మొత్తం కొత్త గారతో ఎత్తాం. అడుగున సిమెంటు పూత ఉంటుంది. సున్నానికి అది పడదన్నా ఆ యజమాని వినలేదు, పూయాల్సిందే అన్నాడు. పెద్దమేస్త్రి అలిగి ఆ పూటంతా నాతో మాట్లాడలేదు, యజమాని మీద కోపం నా మీద!"

అమ్మ వంటగదిలోంచి బయటికి వచ్చి నిలబడింది.

"కాదు నాన్నా. ఆ వెనక్కి తిరిగిన ఆకు చూడు. అది..."

"అదే చెబుతున్నా. అది మా గుర్తు. ఇంకొకడి పని ఊడిపోతే మళ్ళీ చేసేటప్పుడు అచ్చం వాడు చేసినట్టే చెయ్యాలి. కానీ ఒక్కటి తిరగేసి పెట్టాలి. ఆకో, పువ్వో. తర్వాత వచ్చే మేస్త్రి చూడగానే ఇది మొదటివాడి చెయ్యి కాదు, తర్వాత ఎవడో చేశాడని తెలుసుకోవాలి. లేకపోతే మొదటివాడి పేరు దొంగిలించినట్టే అనేవాడు పెద్దమేస్త్రి. నాతో ఒట్టు వేయించుకున్నాడు."

నేను లేచి వెళ్ళి అయిదేళ్ళ కిందటి నా రాత కాపీ తెచ్చాను. నాన్నకి చదువు రాదు. చదివి వినిపించాను. "ఒక ఆకును మాత్రమే వెనుకకు త్రిప్పుట, ఈ పని తొలినాటి శిల్పి స్వహస్తాలతో చేసినదనుటకు తిరుగులేని సాక్ష్యము."

"బాగా రాశావు" అన్నారు నాన్న. ఫోను నావైపు జరిపి, "తప్పు గానీ, బాగా రాశావు" అన్నారు.

"ఇంట్లో మేస్త్రిని పెట్టుకుని ఊరంతా గోడలు చూసొచ్చావు. ఒక్కసారి అడగొచ్చుగదే?" అంది అమ్మ.

నిజమే. ఆ ఏడు నాన్న వేరే ఊళ్ళో పనిలో ఉన్నారు. అది సాకు. ఫోను చేసి ఉండొచ్చు. కాలేజీలో మాకు గార పని మీద ఒక పుస్తకం ఉండేది. నాకేదైనా అనుమానం వస్తే ఆ పుస్తకం తీసేదాన్ని. నాన్నని అడగాలని తట్టనే లేదు. దేనికి సిగ్గుపడ్డానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. సిగ్గే అయి ఉంటుంది.

కానీ ఆ రాత్రి తెల్లారేదాకా నాకు లోలోపల సంతోషంగానే ఉంది. తప్పు నాది, దిద్దడమూ నా చేతిలోనే ఉంది. తీగ ముప్ఫయ్యొక్కేళ్ళదే అని తేలితే తరగతి తగ్గుతుంది. తగ్గితే కన్నం పెట్టొచ్చు. ఆవిడ కిందికి దిగుతుంది.

మర్నాడు సవరణ కాగితం రాసి సూపరింటెండెంటు బల్ల మీద పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు.

"నీ తప్పు నువ్వే పట్టుకుని, నీ మీద నువ్వే ఫిర్యాదు రాసుకున్నావా? మంచిదమ్మా, మాకు పని తగ్గించావు. సాక్షి ఎవరు?"

"మా నాన్నగారండీ."

"ఇంకెవరూ దొరకలేదా?"

"ఆయనతో చేసిన పెద్దమేస్త్రి పోయారు. ఇక ఎవరూ లేరు."

"సరే. తీసుకురా. భూతద్దం ఊరుకుంటాడనుకోను."

భూతద్దం అంటే మా కమిటీ అధ్యక్షులు. రిటైరైన పెద్ద ఇంజనీరు. జేబులో ఎప్పుడూ ఇత్తడి చట్రం ఉన్న భూతద్దం ఒకటి ఉంటుంది. కాంటీనులో బిస్కట్టు ఇచ్చినా దాంతో చూసి తింటాడని మావాళ్ళు అంటారు. చెడ్డవాడు కాదు. పాత గోడలంటే ప్రాణం. మా కాగితం చూసి ఆయన ఊరుకోలేదు కూడా. తనే ఆ ఇంటికి వెళ్ళి, తీగ అంచున గోరంత మేర గీయించి చూశాడు. నాన్న చెప్పినట్టే లోపల సిమెంటు పూత తగిలింది. ఇల్లు కట్టిననాటికి ఈ ఊళ్ళో సిమెంటు ఊసే లేదు. కాబట్టి నాన్న మాట నిజమని విచారణకి ముందే తేలిపోయింది. నాకింకా ధైర్యం వచ్చింది.

విచారణ రోజు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. బొత్తాలు అమ్మ పెట్టింది. బస్సులో, "ఏం చెప్పాలి తల్లీ?" అని అడిగారు.

"ఏం అడిగితే దానికి నిజం చెప్పు నాన్నా. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

ఆ మాట నేనే చెప్పాను. ఎవరూ చెప్పించలేదు.

పొడుగు బల్లకి అటు కమిటీవాళ్ళు అయిదుగురు, ఇటు నాన్నా నేనూ. వెనక బెంచీ మీద బైండరుగారు. నన్ను చూసి తల ఊపారు. ఆయన మొహంలో అంత ఆశ చూడలేక ఫైలు తెరిచాను.

నాన్న మొదట్లో కుర్చీ అంచున కూర్చున్నారు. చెప్పడం మొదలుపెట్టాక సర్దుకున్నారు. గంపలోంచి ముక్కలు ఏరడం, సున్నం ఎన్నాళ్ళు నానబెట్టారో, ఆకు ఈనెలు తీయడానికి గొడుగు ఊచ అరగదీసి పెట్టుకోవడం, అన్నీ చెప్పారు. భూతద్దం కలం పక్కన పెట్టేసి ముందుకు వంగి వినసాగాడు. ఒక సభ్యుడు నవ్వుతూ, "తిరగేసిన ఆకు మమ్మల్ని అయిదేళ్ళు బుట్టలో వేసిందన్నమాట" అన్నాడు.

"లేదండి. అది ఎవరినీ బుట్టలో వెయ్యకూడదనే పెట్టింది" అన్నారు నాన్న.

గదిలో నవ్వు ఆగిపోయింది. నాకు గర్వంగా అనిపించింది. దాచడమెందుకు, అనిపించింది.

"ఆ తీగని ఒలిచి ఇంకో చోట పెట్టొచ్చా?" అని అడిగాడు భూతద్దం.

"అరటిపండు తొక్క కాదండి, ఒలిస్తే రావడానికి. గోడలో కలిసిపోయి ఉంటుంది. తీస్తే పొడి."

"మేస్త్రిగారూ, మేమూ మనుషులమే. ఆవిడ పరిస్థితి రిపోర్టులో చదివాను. మీ అమ్మాయి బాగా రాసింది. ఒక దారి ఆలోచించాను. తీగ ఉన్న గోడలో తలుపు పెట్టుకోమని, అదే తీగ పక్క గోడ మీద మీ చేత మళ్ళీ చేయించాలని షరతు పెట్టి అనుమతి ఇవ్వొచ్చు. మీరే చేసింది కాబట్టి మీరు మళ్ళీ చేస్తే దాన్ని నకలు అనడానికి లేదు. మళ్ళీ చెయ్యగలరా?"

అందరూ నాన్న వైపు చూశారు. వెనక బెంచీ కిర్రుమంది. బైండరుగారు లేచి నిలబడ్డట్టున్నారు.

ఒక్క మాట. చెయ్యగలనండి అంటే చాలు. కాగితం మీద సంతకం పడుతుంది, గోడ తెరుచుకుంటుంది. తర్వాత చెయ్యలేకపోతే చెయ్యలేదు, ముసలివాడికి జబ్బు చేసిందంటే ఎవరు ఉరి తీస్తారు? ఇవన్నీ నాకు ఒక్క క్షణంలో తట్టాయి. నాన్నకీ తట్టాయేమో. ఆయన బల్ల మీద ఉన్న తన చేతుల్ని చూసుకున్నారు. తర్వాత నన్ను చూశారు. నేను అవునని గానీ కాదని గానీ తల ఊపలేదు. ఫైలు కేసి చూశాను.

"లేదండి. ఇప్పుడు చెయ్యలేను" అన్నారు.

"మీరు దగ్గరుండి చెబుతుంటే ఇంకెవరైనా?"

"ఎవరూ లేరండి. నేర్చుకోవడానికి ఎవరూ రాలేదు. ఇది చేసే చేతులు ఇక లేవు."

భూతద్దం వెనక్కి వాలాడు. బల్ల మీద ఉన్న ఫొటోని తన అద్దంతో ఇంకోసారి చూశాడు. ఆయన ముఖంలో నిజమైన బాధ ఉంది. ఆ బాధ తీగ గురించి.

ఉత్తర్వు పది నిమిషాల్లో చెప్పేశారు. గోడ మీది పని తొలినాటిది కాదు, సవరణ అంగీకరించడమైనది. అయితే అలాంటి పని చెయ్యగల మనిషి ఇక లేనందున, ఉన్నది ఈ ఒక్కటే అయినందున, దానికదిగా మొదటి తరగతిలో ఉంచడమైనది. లిఫ్టు దరఖాస్తు తిరస్కరించడమైనది. నాన్నకి ఒక ప్రశంసాపత్రం ఇవ్వాలని కూడా తీర్మానించారు. సభ్యులు లేచి వచ్చి ఒక్కొక్కరే నాన్న చెయ్యి పట్టుకుని ఊపారు. నాన్న నిలబడి ఊపించుకున్నారు.

వెనక్కి తిరిగి చూస్తే బెంచీ ఖాళీగా ఉంది.

ఉత్తర్వు కాగితం పోస్టులో వెళ్ళడానికి నాలుగు రోజులు పడుతుంది. నాన్న ఆగనన్నారు. "ఇవాళే వెళ్ళి చెప్పాలి. మనమే చెప్పాలి."

బైండరుగారు దుకాణంలో దీపం వెయ్యకుండా కూర్చుని ఉన్నారు. ముందున్న బల్ల మీద సగం కుట్టిన పుస్తకం ఉంది.

"ఇంకా పైకి వెళ్ళలేదు. ఎలా చెప్పను? మీరు చెప్పండి" అన్నారు.

పైన ఆవిడ నున్నగా తల దువ్వుకుని కూర్చుంది. కాళ్ళకి కొత్త చెప్పులు. నేను చెప్పులకేసి చూడడం చూసి, "కాలికి అలవాటు చేస్తున్నా. ఎడమదానికి స్పర్శ లేదు, కరిచినా తెలీదు, అదో సుఖం" అంది. అప్పుడు నాన్నని చూసింది. "మేస్త్రి అన్నయ్యగారా? కూర్చోండి. మీ తీగకి పాతికేళ్ళు చాకిరీ చేశాను. నాకు జీతం బాకీ."

నాన్న కూర్చోలేదు.

"రాలేదు చెల్లెమ్మా. లిఫ్టుకి ఒప్పుకోలేదు. నావల్లే పోయింది."

జరిగింది జరిగినట్టు చెప్పారు. ఏదీ మిగల్చలేదు. ఆవిడ వింటూ కిటికీలోంచి వీధికేసి చూస్తోంది. అయ్యాక కూడా అటే చూసింది.

"చెయ్యగలనని ఒక్క ముక్క అనలేకపోయారా అన్నయ్యగారూ?"

"నోటిదాకా వచ్చిందమ్మా."

"మరి?"

"చేతులు బల్ల మీదే ఉన్నాయి. వణుకుతున్నాయి. అందరూ చూస్తున్నారు."

ఆవిడ కుడిచేత్తో ఎడమచేతిని ఎత్తి ఒళ్ళో సరిగ్గా పెట్టుకుంది. నాన్నే మళ్ళీ అందుకున్నారు.

"ఆ తీగ నాది. దాన్ని కొట్టేసే హక్కు ఎవడికైనా ఉంటే అది నాదే. సుత్తి ఇంట్లో ఉంది. ఎత్తడానికి ఈ చేతులు పనికిరావు గానీ కూల్చడానికి పనికొస్తాయి. ఒక్క గంట. గోడ మీద ఏమీ లేకపోతే వాళ్ళు ఇంక దేన్ని కాపాడతారు?"

"నాన్నా" అన్నాను.

"నువ్వు బయటికి వెళ్ళు తల్లీ."

"బయటికి వెళ్ళినా రిపోర్టు నేనే రాయాలి నాన్నా. ఈ ఇల్లు నా వంతులో ఉంది. చేసిన మనిషి పేరు రాయాలి. నిన్ను పోలీసులకి అప్పగించాలి. వీళ్ళ మీదా కేసు పెడతారు."

"రాయి. పేరు రాయి. నా పేరు ఇవాళ ఎలాగూ రాసుకున్నారుగా."

ఆవిడ నావైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నిజంగా రాస్తావా తల్లీ?"

నేను రాయనని చెప్పాలి. చెబితే ఏం పోయేది?

"రాయాలండీ" అన్నాను.

"రాస్తావు. మీ ఇంటిల్లిపాదికీ అదే జబ్బు" అంది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. "వద్దన్నయ్యగారూ. మిమ్మల్ని లోపల వేయించి నేను కింద బల్ల దగ్గర కూర్చుని ఎవరితో కబుర్లు చెప్పను? వెళ్ళి రండి." తర్వాత గొంతు పెంచి, "ఏవండీ, పైకి రండి. ఈ చెప్పులు విప్పండి" అని కేకేసింది.

కింద వినపడినట్టు లేదు. నాన్న మోకాళ్ళ మీద వంగి, వణికే వేళ్ళతో ఒక్కొక్క పట్టీ లాగి ఆ చెప్పులు విప్పారు. చాలాసేపు పట్టింది. ఆవిడ వద్దనలేదు.

ప్రశంసాపత్రం తీసుకోవడానికి నాన్న రాలేదు. చట్రం కట్టించిన కాగితం మా ఆఫీసు బీరువాలో ఉంది. ఇప్పుడు నేను ఇంటికి వస్తే ఏ గోడ చూశావని అడగరు. నేనే కూర్చుని చెబుతున్నాను. వింటారు. ఎప్పుడైనా, "అది సున్నం కాదు, రంగు" అని ఒక ముక్క అంటారు. అది నేను రాసుకుంటాను. ఇంత ఆలస్యంగా రాసుకుంటున్నాను.

మొదటి తరగతి పనిని ఆరు నెలలకోసారి చూసి రావాలని నియమం. గడువు వచ్చింది, వెళ్ళాను. కింద దుకాణంలో ఎవరో ఫోన్లు బాగుచేసే షాపు పెట్టుకున్నారు. బైండరుగారు ఏదో ప్రెస్సులో పనికి కుదిరారని, చీకటి పడితే గానీ రారని ఆ షాపతను చెప్పాడు.

మలుపులో దీపం పట్టుకుని తీగ మొత్తం చూశాను. అంచున భూతద్దం గీయించిన చోట తప్ప ఎక్కడా పగులు లేదు. మీద సన్నగా దుమ్ము పేరుకుని ఉంది. దుమ్ము గురించి రాయడానికి మా ఫారంలో గడి లేదు. "స్థితి: బాగున్నది" అని రాసి సంతకం పెట్టాను.

పై తలుపు ఓరగా తెరిచి ఉంది. చప్పుడు చేసి తల లోపలికి పెట్టాను. ఆవిడ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కిటికీ పక్కన కుర్చీ లేదు.

"ఎవరు?"

"నేనండీ. కమిటీ ఆఫీసు నుంచి."

ఆవిడ ఇటు తిరగలేదు. నిద్రపోయిందేమో అనుకున్నాను.

"గోడ ఎలా ఉంది?"

"బాగుందండీ."

"నాన్నగారు?"

"ఉన్నారండీ."

ఇంకేదైనా అంటుందని, ఒక మాట విసురుతుందని గుమ్మంలో నిలబడ్డాను. కింద షాపులో ఎవరో ధర దగ్గర గట్టిగా వాదించుకుంటున్నారు. ఆ మాటలు స్పష్టంగా పైకి వస్తున్నాయి.

"తలుపు దగ్గరగా వేసి వెళ్ళమ్మా. చప్పుడు భరించలేకపోతున్నాను" అంది.

లాగాను. పాత తలుపు, ఉబ్బి ఉంది, పట్టలేదు. రెండు చేతులతో పట్టి ఇంకోసారి గట్టిగా లాగితే మూసుకుంది.